రౌటరు - ఒక పెట్టె, నాలుగు ఉద్యోగాలు

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం రాసిమ్మని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, నక్షత్రాల గురించో కృష్ణబిలాల గురించో రాద్దామని కలం పట్టుకున్న మాట నిజమే. కాని వాటి మీద ఏటా ఎవరో ఒకరు రాస్తూనే వున్నారు. కోటి కాంతి సంవత్సరాల దూరంలోని సంగతి సరే; మన ముందుగదిలో టీ.వీ. పక్కన రాత్రింబగళ్లు పచ్చలైట్లు మిణుకుమనిపిస్తూ కూర్చున్న పెట్టెలో ఏం జరుగుతోందో మనలో ఎంతమందికి తెలుసు? నాకూ సరిగ్గా తెలియదని కిందటి సంవత్సరం జూలైలో ఒక రాత్రి మా ఇంట్లోనే రుజువైంది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ వెలగబెడుతున్నవాణ్ణి గదా అని ఇంటిల్లిపాదీ నా మీద భారం వేస్తే, ఆ రాత్రి మా చెల్లెలి ఇంజనీరింగు సీటు నా చేతులారా పోగొట్టబోయాను. ఆ కథ తర్వాత చెబుతాను. కథ అర్థం కావాలంటే ముందు కొంచెం పాఠం కావాలి. ఆర్ట్సు విద్యార్థులు భయపడనక్కర్లేదు, ఇందులో లెక్కలు బహు తక్కువ.

"నెట్ పోయింది" అని మనమంతా అంటూ వుంటాం. రెండే మాటలు. ఒంట్లో బాగాలేదని డాక్టరుతో చెప్పినట్టుంటుంది అది. తలనొప్పా, కడుపునొప్పా, కాలు బెణికిందా? నెట్ పోవడానికి కనీసం నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. ఎందుకంటే ఆ ఒక్క పెట్టె నాలుగు వేర్వేరు ఉద్యోగాలు చేస్తోంది. ఏ ఉద్యోగం ఆగిందో పోల్చుకోగలిగితే సగం జబ్బు నయమైనట్టే.

పూర్వం ఈ బాధ లేదు. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించి, అది కీచుకీచుమని కాసేపు గొడవచేసి కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. నెట్ వాడుతున్నంతసేపూ ఫోన్ ఎంగేజి. 2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చునంది. 2023లో ఆ హద్దు 2 మెగాబిట్లకు పెరిగింది. ఆ మొదటిరోజుల్లో ఇంటికి ఒక కంప్యూటరు వుంటే గొప్ప. వచ్చే తీగ ఒకటి, తగిలించే యంత్రం ఒకటి. మధ్యలో పంచిపెట్టేవాడి అవసరం లేదు. ఇప్పుడో? మా తెనాలి ఇంట్లో నేను లెక్కపెట్టాను. నాన్నగారి ఫోను, అమ్మ ఫోను, నాది, చెల్లెలిది, దాని లాప్‌టాప్, నాన్నగారి షాపు లెక్కల కంప్యూటరు, టీ.వీ., పైవాటాలో అద్దెకున్న మాస్టారి ఫోను, వాళ్లబ్బాయి ట్యాబు - మొత్తం తొమ్మిది. వీధి స్తంభం నుంచి ఇంట్లోకి వస్తున్నది మాత్రం ఒక్కటే తీగ.

తీగ అన్నాను గాని అది తీగ కాదు, గాజుపోగు. పై తొడుగులన్నీ ఒలిచేస్తే 125 మైక్రాన్ల మందం వుంటుంది. వెలుగు ప్రయాణించే నడిమి భాగం 9 మైక్రాన్లే. గాజులోని మాలిన్యాన్ని తొలగించగలిగితే వెలుగును చాలా దూరం పంపవచ్చునని 1966లో చార్లెస్ కావ్ సూచించాడు. ఆ పనికి 2009లో, అంటే 43 సంవత్సరాల తర్వాత, నోబెల్ బహుమతిలో సగం ఆయనకు దక్కింది. మన ఇళ్లకు వచ్చే పోగులో సాధారణంగా రెండు రంగుల వెలుగులు ఎదురెదురుగా నడుస్తుంటాయి: కంపెనీ నుంచి మనకు వచ్చేది 1490 నానోమీటర్లది, మన నుంచి వెళ్లేది 1310 నానోమీటర్లది. రెండూ కంటికి కనబడవు. అలాగని కొస కంటి దగ్గర పెట్టుకుని చూడకండి, కనబడకపోయినా కంటికి హాని చెయ్యగల వెలుగు అది. పైగా ఆ పోగు మన ఒక్కరిదే కాదు. దారిలో ఒకచోట 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. వెలుగును విద్యుత్తుగా, విద్యుత్తును వెలుగుగా మార్చడమే మన పెట్టె మొదటి ఉద్యోగం.

ఈ ఉద్యోగం ఆగితే తెలుసుకోవడం తేలిక. పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అని రాసివున్న దీపం ఎర్రగా వెలుగుతుంది. వెలుగు అందడం లేదని దానర్థం. పోగు ఎక్కడో తెగివుండాలి, లేదా గోడమూల దగ్గర మరీ మెలిపడి వుండాలి. మెలిపడితే వెలుగు వంపులో బయటికి జారిపోతుంది. మా ఇంట్లో ఒకసారి అమ్మ దులుపుడుకర్రతో బూజు దులిపినప్పుడు ఇదే అయింది. మడత విప్పగానే ఎరుపు పోయింది. తెగినపోగును మాత్రం మనం అతకలేం, దానికి వేరే యంత్రం కావాలి. ఎర్రదీపం వుంటే కంపెనీకి ఫోన్ చెయ్యండి. లేకపోతే చెయ్యబోయేముందు ఒక క్షణం ఆగండి. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

రెండో ఉద్యోగం అసలైన రౌటరుది. ప్రతి కంప్యూటరుకూ ఇంటర్నెట్‌లో ఒక చిరునామా వుండాలి, దాన్ని ఐ.పి. అడ్రసు అంటారు. పాత పద్ధతిలో అది 32 బిట్ల సంఖ్య. అంటే మొత్తం చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ప్రపంచ జనాభా కంటే తక్కువ! ఇవి చాలవని చాలా ముందే తెలిసింది. పంచిపెట్టే కేంద్రసంస్థ దగ్గరున్న చివరి పెద్ద కట్టలు 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయిపోయాయి. 128 బిట్ల కొత్త చిరునామాలు తయారైనా పాతవి ఇంకా పోలేదు. మరి మా ఇంట్లో తొమ్మిదింటికీ చిరునామాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

దీనికి 1994లో ఒక ఉపాయం ప్రచురించారు. సినిమాహాలు సైకిల్ స్టాండు మీకు తెలుసు. సైకిలు అప్పజెబితే స్టాండువాడు ఒక టోకెను మన చేతికిచ్చి, అదే నంబరుది రెండోది సైకిలుకు తగిలిస్తాడు. సినిమా వదలగానే నంబరు చూసి ఎవరి సైకిలు వాళ్లకిస్తాడు. మన ముఖాలు అతనికి గుర్తుండనక్కర్లేదు. రౌటరు చేసేదీ అంతే. వీధి గుమ్మానికి కంపెనీవాళ్లు ఇచ్చిన చిరునామా ఒకటే. లోపల నుంచి చెల్లెలి లాప్‌టాప్ ఏదో పేజీ కావాలని అడిగితే, రౌటరు ఆ ఉత్తరం మీద లోపలి చిరునామా కొట్టేసి, ఇంటి చిరునామా రాసి, పక్కన ఒక టోకెను నంబరు వేస్తుంది. దాన్నే పోర్టు నంబరు అంటారు. అది 65,535 దాకా వుండవచ్చు. ఏ టోకెను ఎవరిదో తన పుస్తకంలో రాసుకుంటుంది. జవాబు ఆ టోకెనుతో తిరిగివస్తే పుస్తకం చూసి సరిగ్గా ఆ లాప్‌టాప్‌కే అందిస్తుంది. అవతలివాడికి మన ఇంట్లో తొమ్మిది యంత్రాలున్నాయన్న సంగతే తెలియదు. టోకెను లేకుండా బయటినుంచి ఎవడైనా వస్తే ఎవరికివ్వాలో తెలియక రౌటరు వాణ్ణి గుమ్మంలోనే ఆపేస్తుంది. ఇది అనుకోకుండా కలిగిన ఒక కొంచెం రక్షణ. అంతమాత్రాన తాళం వేసినట్టు కాదు సుమా.

ఇంటిలోపల వాడుకోవడానికి కొన్ని చిరునామాలను 1996లో ప్రత్యేకంగా కేటాయించారు. 192.168తో మొదలయ్యేవి వాటిలో బాగా తెలిసినవి. ఇవి హాస్టలు గది నంబర్లలాంటివి. మన హాస్టల్లోనూ 12వ నంబరు గది వుంది, పక్క హాస్టల్లోనూ వుంది. వార్డెను దాటి బయటికి వెళితే ఆ నంబరుకు విలువలేదు. చాలా ఇళ్లలో రౌటరు తనకు తాను 192.168.1.1 అనో, 192.168.0.1 అనో పెట్టుకుంటుంది. తెనాలిలో మా ఇంటికీ, అమెరికాలో మా మేనమామ ఇంటికీ లోపల ఒకే నంబరు వుండడంలో తప్పేమీ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే నంబరు వుంటేనే ప్రమాదం.

ఇక మూడో ఉద్యోగం: ఆ గది నంబర్లు పంచడం. డి.హెచ్.సి.పి. అని పిలిచే ఈ పద్ధతి 1993లో వచ్చింది. కొత్తగా వచ్చిన లాప్‌టాప్‌కు తన చిరునామా తెలియదు, రౌటరు ఎక్కడుందో తెలియదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు. అంచేత హాస్టలు వరండాలో నిలబడి "ఎవరండీ ఇక్కడ గదులిచ్చేది?" అని కేకవేసినట్టు, అందరికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. రౌటరు పలికి "నీకు 192.168.1.104 ఇస్తున్నాను, బయటికి వెళ్లే ఉత్తరాలు 192.168.1.1కు ఇయ్యి, పేర్లకు నంబర్లు చెప్పేవాడు ఫలానా, ఒకరోజు తర్వాత మళ్లీ అడుగు" అంటుంది. అంతా ఒక్క సెకనులోపే. ఇందులో ఒక చిన్న అమాయకత్వం వుంది, గమనించారా? కేక వేసినవాడు మొదట పలికినవాణ్ణి నమ్ముతాడు. ఆ పలికినవాడు నిజంగా వార్డెనేనా అని అడగడు.

ఎవరూ పలకకపోతే చాలా కంప్యూటర్లు తమంతట తామే 169.254తో మొదలయ్యే ఒక చిరునామా పెట్టుకుంటాయి. మీ కంప్యూటరులో అటువంటి నంబరు కనబడితే, దానికి రౌటరు మాట వినబడడం లేదని అర్థం. కంపెనీని తిట్టి లాభంలేదు. తప్పు మీ గదికీ పెట్టెకూ మధ్యనే వుంది. విండోస్ యంత్రంలో నల్లతెర తెరిచి ఐపీకాన్ఫిగ్ అన్న ఆజ్ఞ ఇంగ్లీషులో కొడితే ఈ నంబర్లన్నీ కనబడతాయి.

నాలుగో ఉద్యోగం మోత పని. తీగ మీదుగానో, గాలిలోనో మూటలు చేరవేయడం. ఒకేచోట కదలకుండా వుండే కంప్యూటరుకు తీగే మేలని నా అభిప్రాయం. నాన్నగారి కంప్యూటరుకు నేనే తీగ వేశాను. బజారులో క్యాట్ 5ఇ కేబులు మీటర్ల లెక్కన అమ్ముతారు. ఒకే ముక్కగా 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. లోపల ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలివేసి వుంటాయి. ఆ మెలిక అందానికి కాదు. బయటినుంచి వచ్చే విద్యుదలజడి జంటలోని రెండు తీగల మీదా సమానంగా పడి రద్దవుతుంది. కొసకు క్లిప్పు బిగించేటప్పుడు ఎడమ నుంచి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ - ఈ వరుస తప్పకూడదు. మూడోదీ ఆరోదీ ఒక జంట. మధ్యలో నీలం జంట చొరబడింది. చాలామంది ఇది చూసి, రెండు కొసలా ఒకే వరుస వుంటే చాలుననుకుని జంటలన్నీ పక్కపక్కన పెట్టేస్తారు. టెస్టరు మీద ఎనిమిది దీపాలూ చక్కగా వెలుగుతాయి. కాని సంకేతం ఒక జంటలోని తీగ, మరో జంటలోని తీగ కలిపి నడుస్తుంది గనక మెలిక ప్రయోజనం పోతుంది, వేగం పడిపోతుంది. ఇంకొకటి: 100 మెగాబిట్ల వేగానికి నాలుగు తీగలు చాలు, వెయ్యికి ఎనిమిదీ కావాలి. పెద్ద ప్యాకేజీ కట్టించుకున్నా మీ కంప్యూటరు 100 దగ్గరే ఆగిపోతుంటే, నాలుగు జంటల్లో ఏదో ఒకటి సరిగ్గా తగలడం లేదేమో చూడండి.

వేగం మాట వచ్చింది గనక చెబుతున్నాను. 40 మెగాబిట్లంటే 40 మెగాబైట్లు కావు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40ని 8తో భాగిస్తే సెకనుకు 5 మెగాబైట్లు. మా నాన్నగారు కంపెనీవాళ్లు ఎనిమిదో వంతే ఇస్తున్నారని నాలుగు నెలలు వాళ్లతో తగాదా పెట్టుకున్నారు.

గాలిలో పంపడానికి రెండు దారులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్‌ది 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంచెం బాగా దాటుతుంది కాని వీధిలో అందరూ అదే వాడడం వల్ల రద్దీ ఎక్కువ. రెండోది వేగం, కాని రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. మొదటిదాంట్లో ఒకదానిమీద ఒకటి పడకుండా వుండే ఛానళ్లు 1, 6, 11 మూడే. పక్కింటివాళ్లు 6లో వుంటే మీరు 1కో 11కో వెళ్లండి. పెట్టె ఎక్కడ పెట్టాలన్నది అంతకంటే ముఖ్యం. మా ఇంట్లో పిల్లలకు అందదని, దుమ్ము పడదని, నాన్నగారు దాన్ని ఇనప్పెట్టెలాంటి గోద్రెజ్ బీరువా వెనక, గోడకానుకుని పెట్టించారు. ఇనుపరేకును ఈ తరంగాలు దాటలేవు. దాన్ని తీసి హాలు మధ్యగోడకు మనిషెత్తున బిగించాక వంటింట్లో కూడా వచ్చింది. మేడమీదికి మాత్రం రాలేదు. కాంక్రీటు శ్లాబు, అందులో ఇనుపచువ్వల అల్లిక. చెల్లెలి చదువుగది మేడమీద.

కొత్త పెట్టె వచ్చిననాడు చెయ్యవలసిన పనులు పెద్దవేమీ కావు. కంప్యూటరులో 192.168.1.1 అని కొడితే పెట్టె తన పేజీ చూపిస్తుంది. లోపలికి వెళ్లే పేరూ పాస్‌వర్డూ పెట్టె అడుగున చీటీమీద వుంటాయి. మొట్టమొదట ఆ పాస్‌వర్డు మార్చాలి. ఒకే రకం పెట్టెలన్నిటికీ ఒకే పాస్‌వర్డు ఇచ్చిన కంపెనీలు చాలా వున్నాయి గనక, చీటీ చూడనివాడికి కూడా అది తెలిసే వుంటుంది. లోపలికి వచ్చినవాడు మీ పేర్లూ నంబర్లూ చెప్పే యంత్రాన్ని మార్చేసి, బ్యాంకు పేరు కొడితే ఇంకోచోటికి పంపగలడు. కంపెనీ ఇచ్చిన యూజరు పేరుతో బయటి కనెక్షను కలిపే భాగం వుంటుంది. అది వాళ్ల మనిషే పూర్తిచేస్తాడు, కాని ఆ పేరు ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి. తర్వాత వైఫై పేరు, తాళం. తాళాల రకాల్లో డబ్ల్యు.ఇ.పి. అన్నది 2001లోనే పగిలిపోయింది, దాన్ని ముట్టుకోవద్దు. 2004లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 గాని ఎంచుకోండి. పాస్‌వర్డుగా ఇంటి ఫోన్ నంబరు పెట్టకండి. వీధిలో అందరికీ తెలిసిన సంఖ్య తాళమెలా అవుతుంది? అద్దెకున్నవాళ్లకు ఇవ్వదలిస్తే అతిథుల కోసం వేరే పేరు పెట్టే వీలు చాలా పెట్టెల్లో వుంది. అలా ఇస్తే వాళ్ల యంత్రాలకు మీ యంత్రాలు కనబడవు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

చెల్లెలికి ఈ.ఏ.పి.సెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టాలి. కాలేజీలు, బ్రాంచీలు వరుసక్రమంలో ఎంచుకుని గడువులోగా భద్రపరచాలి. ఆ వరుస మీదే సీటు వస్తుంది. నేను సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, "అన్నయ్యా, మేడమీద నెట్ రావడం లేదు, మెట్లమీద కూర్చుని చూసుకుంటున్నాను" అంది. అటకమీద మా పాత డి.ఎస్.ఎల్. కాలపు రౌటరు ఒకటి వుంది. నా బుర్రకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కింది పెట్టె నుంచి మేడమీదికి తీగ లాగి, పాతదాని వెనక పసుపురంగు సాకెట్లలో ఒకదానికి తగిలించాను. వైఫై పేరూ పాస్‌వర్డూ కిందిదానివే పెట్టాను. నా ఫోనులో చూస్తే నెట్ వచ్చింది. అది కింది పెట్టె నుంచే వస్తోందన్న సంగతి నాకు తోచలేదు. "చూశావా, బజారులో రెండువేలు పోసి కొనాల్సింది" అని చెల్లెలి దగ్గర గొప్పలు పోయాను.

గడువు చివరిరోజు సాయంత్రం కరెంటు పోయింది. ఏడింటికి వచ్చింది. చెల్లెలు లాప్‌టాప్ తెరిచింది. నెట్ లేదు. అమ్మ ఫోనులో లేదు, టీ.వీ.లో లేదు. మాస్టారు పైనుంచి దిగి, "ఏమయ్యా, మాకూ పోయింది, మీకూ పోయిందా?" అన్నారు. కింది పెట్టె చూశాను. ఎర్రదీపం లేదు. అన్నీ పచ్చగానే వున్నాయి. కంప్యూటరులో చిరునామా 192.168.1.102, సలక్షణంగా వుంది. 192.168.1.1కు పింగు కొట్టాను - అనగా "వున్నావా?" అని పిలిచాను. "వున్నాను" అని జవాబు వచ్చింది. ఇంకేముంది, మన పెట్టె నిక్షేపంగా వుంది, తప్పు కంపెనీదే అని తీర్పు చెప్పేశాను. నాన్నగారు కంపెనీకి ఫోన్ చేసి అరిచారు. వాళ్ల కుర్రాడు పాపం తొమ్మిదింటికి మోటారుసైకిలు మీద వచ్చి, మీటరు పెట్టి చూసి, "వెలుగు బ్రహ్మాండంగా వస్తోంది సార్, మావైపు తప్పేమీ లేదు" అని వెళ్లిపోయాడు. నేను వాడికి కూడా పింగు పాఠం చెప్పి పంపించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పదింటికి చెల్లెలు ఏడుపు ముఖం పెట్టింది. కాలేజీల వరుస నోటు పుస్తకంలో నాలుగు పేజీలు రాసుకుని వుంది. నా ఫోను సిగ్నలు మా ఇంట్లో ఒక్క గీత. దాంతో ఆ పేజీ సగం తెరుచుకుని ఆగిపోయేది. నాన్నగారు "ఏరా, నువ్వు చదివేది ఫిజిక్సేనా?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. ఇంకేం చెయ్యాలో తోచక పెట్టె పేజీ తెరవమన్నాను చెల్లెల్ని. అది 192.168.1.1 కొట్టి, ఒక నిమిషం చూసి, "అన్నయ్యా, మన పెట్టె పేజీ ఆకుపచ్చగా వుండేది కదా, ఇదేమిటి నీలంగా వుంది?" అంది.

నీలం పేజీ మేడమీది పాత రౌటరుది.

అప్పుడు గాని నా మట్టిబుర్రకు వెలగలేదు. ఆ పాతదాని లోపలి నంబరు కూడా 192.168.1.1. అది కూడా చిరునామాలు పంచుతుంది. ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు వార్డెన్లు. కరెంటు వచ్చినప్పుడు రెండు పెట్టెలూ ఒకేసారి మేలుకున్నాయి. ఫైబరు పెట్టె తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పాతది అర నిమిషంలో లేచి కూర్చుంది. ఇంట్లో యంత్రాలన్నీ "గదులిచ్చేది ఎవరండీ?" అని కేకవేస్తే ముందుగా పలికింది అదే. అది ఇచ్చిన చిరునామాలు పైకి చూడ్డానికి సలక్షణంగానే వున్నాయి. కాని బయటికి వెళ్లవలసిన ఉత్తరాలన్నీ దాని చేతికే పోతున్నాయి. దానికేమో బయటికి దారే లేదు. నా పింగుకు "వున్నాను" అని పలికింది కూడా అదే. నేను అడిగినవాడు ఒకడు, పలికినవాడు ఇంకొకడు.

ప్రతి యంత్రానికీ ఈ మారే చిరునామా కాక, తయారీలోనే వేసిన 48 బిట్ల ముద్ర ఒకటి వుంటుంది. మ్యాక్ అడ్రసు అంటారు. నల్లతెర మీద ఏఆర్పీ అన్న ఆజ్ఞకు చిన్నగీతా, ఇంగ్లీషు ఏ అక్షరమూ చేర్చి కొడితే, 192.168.1.1 అని చెప్పుకుంటున్నవాడి ముద్ర కనబడుతుంది. పెట్టె అడుగున చీటీమీద ముద్రతో అది కలవకపోతే మధ్యలో వేరేవాడు దూరాడన్నమాట. ఈ పరీక్ష నాకు ఏడింటికే తెలిసివుంటే ఆ కుర్రాడు తిండివేళకు ఇల్లు చేరేవాడు.

రెండేసి మెట్లు ఎక్కి పాతదాని తీగ పీకేశాను. కింద అన్నీ ఆర్పి వెలిగించాం, కొత్త చిరునామాలు తీసుకున్నాయి. పదీ నలభైకి పేజీ తెరుచుకుంది. చెల్లెలు చెబుతూ వుంటే నేను టైపు కొట్టాను. కాదు, అది నన్ను నమ్మక తనే కొట్టుకుంది, నేను నోటు పుస్తకం చదివి వినిపించాను. పదకొండూ ఇరవై అయిదుకు ఆప్షన్లు భద్రమయ్యాయి. దానికి ఆ జాబితాలో మూడోది వచ్చింది. కంపెనీ కుర్రాడికి మర్నాడు నాన్నగారే ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పారు. ఆ ఫోను నేను చెయ్యవలసింది.

పాత రౌటరును పారెయ్యనక్కర్లేదు. సరైన పద్ధతి ఇది. ముందు దాన్ని ఇంటి తీగకు తగిలించకుండా, ఒక్క కంప్యూటరుకు మాత్రం కలిపి దాని పేజీ తెరవాలి. లోపలి నంబరు 192.168.1.2గా మార్చాలి; పంచే నంబర్లలో లేని నంబరు కావాలి. మా కింది పెట్టె 100 నుంచి 199 దాకా పంచుతుంది గనక 2 ఖాళీ. తర్వాత డి.హెచ్.సి.పి. అన్నచోట ఆపు అని పెట్టాలి. వైఫై పేరూ పాస్‌వర్డూ కిందివే వుంచి, ఛానలు మాత్రం వేరేది - కింద 1 అయితే పైన 11 - ఇవ్వాలి. ఇవన్నీ భద్రపరిచాక, కింది పెట్టె నుంచి వచ్చే తీగను పాతదాని పసుపు సాకెట్లలో ఒకదానికి తగిలించాలి. బయటి తీగకోసమని విడిగా వేరే రంగులో వున్న సాకెట్టు జోలికి పోకూడదు. ఇప్పుడు దాని నాలుగు ఉద్యోగాల్లో చివరిదొక్కటే మిగిలింది, మోత పని. మాది అలాగే ఏడాదిగా పనిచేస్తోంది.

ఎవరింట్లో నెట్ పోయినా నేనిప్పుడు ఈ వరుసలో చూస్తాను. ఎర్రదీపం వుందా? లేకపోతే నా చిరునామా ఏమిటి, 169తో వుందా, 192తోనా? 192తో వుంటే పలుకుతున్న రౌటరు మా రౌటరేనా, పేజీ ఏ రంగు, ముద్ర ఏమిటి? అదీ సరిపోతే 8.8.8.8కు పింగు. ఆ నంబరు పలుకుతూ పేర్లతో మాత్రం ఏ పేజీ తెరుచుకోకపోతే, పేర్లకు నంబర్లు చెప్పేవాడి దగ్గర తప్పు. నంబరు కూడా పలక్కపోతే అప్పుడు కంపెనీకి ఫోను.

ఈ నంబర్లన్నీ, రెండు పెట్టెల ముద్రలతో సహా, ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే, దాని కింద నాన్నగారు ఎర్రసిరాతో ఒక వాక్యం చేర్చారు: "మేడమీద ఏ కొత్త వైరు పెట్టాలన్నా అమ్మాయినడిగి పెట్టవలెను."